సీమ ప్రేమకథలో సెల్‌ఫోనును రాయడం ఎలా

పదహారేళ్ల నుంచి ఇరవై రెండేళ్ల లోపు పిల్లల ప్రేమకథ రాయాలని కూర్చున్న వారికి ఈ రోజుల్లో మొదటి చిక్కు ఫోను దగ్గరే వస్తుంది. మా తరం చదివిన కథల్లో నోట్సు పుస్తకంలో మడిచి పెట్టిన చీటీ ఉండేది, మిద్దె మీద బట్టలు ఆరవేసే నెపం ఉండేది, కర్నూలు రాజ్‌విహార్ సెంటరులోనో అనంతపురం గడియార స్తంభం దగ్గరో బస్సు కోసం కాదని అందరికీ తెలిసిపోయేలా నిలబడే కుర్రవాడు ఉండేవాడు. ఇప్పుడు ఆ పనులన్నీ ఫోనే చేస్తోంది. రాసేవారిలో కొందరు ఆ ఫోనును పూర్తిగా దాచేస్తారు. అప్పుడు కథ పేరుకు 2024లో జరుగుతున్నా చదువుతుంటే 1994లో ఉన్నట్టుంటుంది. మరికొందరు చాటింగును పేజీల కొద్దీ దించేస్తారు; అది కోర్టులో దాఖలు చేసిన సాక్ష్యపు కాగితంలా తయారవుతుంది. రెండూ చదివించవు.

కర్నూలు, కడప, అనంతపురం ప్రాంతాల పిల్లలను పాత్రలుగా పెట్టుకొని రాసేవారికి పనికొస్తుందన్న ఉద్దేశంతో, నేను రాసి, చించి, మళ్లీ రాసి నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ చెబుతున్నాను. దీనికి మూలం ఒక్కటే. మన భాషలో ప్రేమను చెప్పే మాటలు చాలావరకు చూపు చుట్టూ తిరుగుతాయి: తొలిచూపు, ఓరచూపు, దొంగచూపు, చివరికి పెళ్లిచూపులు. సోషల్ మీడియా కూడా చూపుల యంత్రమే. ఎవరు ఎవరిని చూశారు, చూసిన సంగతి అవతలి వారికి తెలిసిందా, తెలిసిపోయిందని ఇవతలి వారికి తెలుసా, ఇద్దరికీ తెలియకుండా మూడో మనిషి ఎవరైనా చూశారా అన్న లెక్కను రచయిత గట్టిగా పట్టుకుంటే ఫోను కథలో ఒదిగిపోతుంది. ఆ లెక్క తప్పితే ఎన్ని ఎమోజీలు పెట్టినా అది చేతిలో పట్టుకున్న వస్తువుగానే మిగిలిపోతుంది.

ముందు సంవత్సరం తేల్చుకోండి

ప్రేమకథకు తారీఖు అక్కర్లేదని అనుకునే వీలు ఇప్పుడు లేదు. నేను ఒకసారి 2015 వేసవిలో నడిచే కథలో డోన్ అమ్మాయి, గుంతకల్లు అబ్బాయి వాట్సాప్ వీడియో కాల్‌లో తెల్లవార్లూ మాట్లాడుకున్నట్టు రాశాను. కథ అచ్చయింది. రెండు వారాల తర్వాత ఒక పాఠకుడు ఉత్తరం రాసి, వాట్సాప్‌లో వీడియో కాల్ 2016 నవంబరులో వచ్చిందనీ, 2015లో తెల్లవార్లూ వీడియో మాట్లాడే డేటా ఆ అబ్బాయికి ఎవరు వేయించారో చెప్పాలనీ అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి కొన్ని తేదీలను రాత బల్ల మీద అంటించుకోవడం మంచిది. 2011 సెప్టెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక సిమ్ నుంచి రోజుకు 100 ఎస్సెమ్మెస్‌లకు మించి పంపకూడదని పరిమితి పెట్టి, కొద్ది వారాల్లో దాన్ని 200కు పెంచింది. వ్యాపార సందేశాల బెడద తగ్గించడానికి పెట్టిన నియమమే అయినా, తొంభై ఎనిమిదో సందేశం దగ్గర ఆగిపోయి మిగిలిన రెండింటిలో ఏం చెప్పాలో ఆలోచించే ప్రేమికుడు ఆ ఏటి కథకు దొరికిన వరం. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. వాట్సాప్‌లో నీలం టిక్కులు అదే సంవత్సరం నవంబరులో వచ్చాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఇరవై నాలుగు గంటల స్టోరీలు 2016 ఆగస్టులోనూ, వాట్సాప్‌లో ఆ తరహా స్టేటస్ 2017 ఫిబ్రవరిలోనూ మొదలయ్యాయి. ఈ రెండింటి మధ్య, 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. అంతకు ముందు మన పల్లెల్లో ఎంబీలు లెక్కపెట్టుకొని ఫొటో తెరిచేవారు. రూపాయి ఖర్చు కాకుండా మాట చేరవేయడానికి మిస్‌డ్ కాల్ అనే పెద్ద భాషే నడిచేది. ఒక రింగు అయితే ఇల్లు చేరానని, రెండయితే బయటికి రమ్మని జంటకొక నిఘంటువు ఉండేది. 2012 నాటి కథ రాసేవారు ఆ నిఘంటువును తమ పాత్రల కోసం కొత్తగా కల్పించుకోవాలి.

2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు. జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశానికి వచ్చింది. ఈ రెండు తేదీల నడుమ ఒక కథ ఖాళీగా పడి ఉందని నాకెప్పుడూ అనిపిస్తుంది. కళ్యాణదుర్గం వైపు వేరుశనగ చేలో నిలబడి డ్యూయెట్లు చేసే అమ్మాయికీ, ఎక్కడో ఆదోనిలో ఉండి అవతలి సగం చేసే అబ్బాయికీ ఒకరి నంబరు ఒకరికి తెలియదు, నిజం పేర్లు కూడా తెలియవు. పొద్దున లేచేసరికి ఆ యాప్ పనిచేయడం లేదు. రాయదలచిన వారు నిరభ్యంతరంగా తీసుకోవచ్చు.

ఆ ఫోను ఎవరిది

నగరపు కథల్లో ప్రతి పిల్లకూ తనదంటూ ఒక ఫోను, తనదంటూ ఒక గది ఉంటాయి. మన దగ్గర ఆ రెండూ రాసి చూపించాల్సిన విషయాలు. ఇంటర్ చదివే పిల్లల్లో చాలామంది రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉంటారు. అక్కడ ఫోను నిషిద్ధం. ఆదివారం నాడు వార్డెన్ ఎదురుగా, వరసలో నిలబడి, ఇంటికి మాట్లాడే కొద్ది నిమిషాలే వాళ్ల సోషల్ మీడియా. అందుకని పదహారు, పదిహేడేళ్ల జంట కథ రాసేవారు దసరా, సంక్రాంతి సెలవులను క్యాలెండరులో గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే వాళ్ల ఇన్‌స్టాగ్రామ్ ఆ రోజుల్లోనే తెరుచుకుంటుంది. తొంభై రోజుల మౌనం తర్వాత పది రోజుల మాటలు, మళ్లీ మౌనం: ఈ లయ కథకు తనంతట తానే అధ్యాయాలు కట్టిపెడుతుంది. డిగ్రీ, బీటెక్ పిల్లల కథకు ఆ లయ పనికిరాదు. అక్కడ ఫోను పొద్దస్తమానం చేతిలోనే ఉంటుంది.

ఇంట్లో ఉండి చదువుకునే పిల్లల సంగతి వేరు. 2020లో ఆన్‌లైన్ క్లాసుల పుణ్యమా అని ఎన్నో ఇళ్లలో ఆడపిల్ల చేతికి మొదటిసారి ఫోను వచ్చింది, కానీ అది ఇంటిల్లిపాదిది. ప్రధాన పాత్రలు ఒక్కొక్కరికీ ఒక కాగితం పెట్టుకొని, సిమ్ ఎవరి పేరు మీద ఉంది, రీచార్జి ఎవరు వేయిస్తారు, లాక్ ఎంతమందికి తెలుసు, రాత్రి ఎక్కడ చార్జింగు పెడతారు అని రాసుకోమని నేను చెబుతాను. నాలుగో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ అసలు కథ అక్కడే ఉంటుంది. రెండు గదుల ఇల్లు, టీవీ పక్కన ఒకటే ప్లగ్ పాయింటు. రాత్రి తొమ్మిదిన్నరకు అందరూ సంగటి తింటూ ఉండగా ఫోను వెలుగుతుంది. అబ్బాయి పేరును అమ్మాయి ‘లక్ష్మి కెమిస్ట్రీ’ అని భద్రం చేసుకుంది. తమ్ముడు తొంగిచూసి, “అక్కా, కెమిస్ట్రీ లక్ష్మి తిన్న్యావా బంగారూ అని అడుగుతాంది” అంటాడు. నాయన చెయ్యి కంచంలోనే ఆగుతుంది. ఈ సన్నివేశానికి వర్ణన అక్కర్లేదు. ప్లగ్ పాయింటు ఎక్కడుందో రచయితకు తెలిస్తే చాలు.

గుర్తులు పలికే చోటు

ప్రేమకథకు అపార్థం ప్రాణం. ఫోను వచ్చాక అపార్థానికి చోటు లేదని వాపోయేవారు ఫోనును సరిగా చూడలేదని నా అభిప్రాయం. వాట్సాప్‌లో ఒకటే టిక్కు మీద ఆగిపోయిన సందేశాన్ని తీసుకోండి. అవతల ఫోను స్విచాఫ్ అయి ఉండవచ్చు, డేటా అయిపోయి ఉండవచ్చు, నంద్యాల దాటి గిద్దలూరు వైపు నల్లమల ఎక్కుతున్న బస్సులో సిగ్నల్ పోయి ఉండవచ్చు, లేదా అమ్మాయి ఇతణ్ని బ్లాక్ చేసి ఉండవచ్చు. పంపిన వాడికి కనిపించేది మాత్రం ఆ ఒక్క గీతే. బ్లాక్ చేసినప్పుడు డీపీ కూడా కనిపించకుండా పోతుంది, నిజమే. కానీ మన అమ్మాయిల్లో చాలామంది అసలు డీపీయే పెట్టరు, పెడితే మందారపువ్వో వెంకన్నస్వామో ఉంటుంది. ఆ డీపీ లేకపోవడం అలవాటా, అలకా అని తేల్చుకోలేక ఒక అబ్బాయి రెండు రోజులు పడే యాతనకు ఒక అధ్యాయం హాయిగా పడుతుంది.

ఈ గుర్తుల నియమాలు రచయితకు కచ్చితంగా తెలియాలి, ఎందుకంటే చదివే పిల్లలకు అవి ఎక్కాల కంటే బాగా వచ్చు. వాట్సాప్‌లో అందరికీ కనపడకుండా తీసేసిన సందేశం తన జాడను వదిలి వెళ్తుంది. తొలగించారన్న మాట ఆ స్థానంలో మిగులుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో వెనక్కి తీసుకున్న సందేశానికి ఆ జాడ కూడా మిగలదు. ఏదో చెప్పబోయి ఆగానని అవతలి వారికి తెలియాలనుకునే పిల్లవాడు మొదటిదాన్ని వాడతాడు, తెలియకూడదనుకునేవాడు రెండోదాన్ని వాడతాడు. పాత్ర స్వభావం గురించి రచయిత వేరుగా చెప్పనక్కర్లేదు. 2023 మే నుంచి వాట్సాప్‌లో పంపిన మాటను పదిహేను నిమిషాల లోపు దిద్దే వీలు వచ్చింది. దిద్దినట్టు పక్కన గుర్తు పడుతుంది గానీ, ముందు ఏముండేదో కనపడదు. ‘వస్తా’ అన్నది ‘చూస్తా’ అయిందా, ‘చూస్తా’ అన్నది ‘వస్తా’ అయిందా?

నీలం టిక్కులను ఆపేసుకోవచ్చని అందరికీ తెలుసు. అలా ఆపేసిన వారికి అవతలి వారు చదివిందీ లేనిదీ కూడా తెలియదు. అయితే వాయిస్ మెసేజ్ విన్నామన్న గుర్తును మాత్రం ఎవరూ ఆపలేరు. వినగానే దాని పక్కనున్న మైకు నీలంగా మారిపోతుంది. ఈ చిన్న సందు మీద ఒక సన్నివేశం ఎలా నిలబడుతుందో చూపిస్తాను. మొదటి చిత్తులో నేను ఇలా రాసుకున్నాను: “కేశవ దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. గౌతమి గుండె వేగంగా కొట్టుకుంది. అయినా రిప్లై ఇవ్వలేదు. అతడు చాలా బాధపడ్డాడు.” ఇందులో ఫోను లేదు, మనుషులూ లేరు. మళ్లీ రాసింది ఇది:

“గౌతమి నీలం టిక్కులు ఆపేసి ఆరు నెలలైంది. తను చదివిందో లేదో ఎవరికీ తెలియకూడదన్నది ఆమె నియమం. సాయంత్రం ఆరున్నరకు కేశవ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది, పద్దెనిమిది సెకన్లు. హాస్టల్ మిద్దె మీదికి వెళ్లి, ఫోను చెవికి ఆనించుకొని వింది. మొదట బర్రె అరిచిన చప్పుడు, ఆ తర్వాత గొంతు. ‘ఏమ్మే, ఇంగా కోపమేనా. మా జేజికి బాగలేదని పొద్దున్నే ఊరికొచ్చినా. సోమారం వస్తా. నువ్వు మాట్లాడకున్నా ఏం పర్వాలేదు, ఈ మాట ఇంటే చాలు.’ ఇంకోసారి వింది. మూడోసారి అతని మాటలు వదిలేసి, వెనుక ఎవరో ముసలామె దగ్గుతున్న చప్పుడు వింది. జవాబు పెట్టకుండా కిందికి దిగింది. కోపం తగ్గలేదనే అతడు అనుకోవాలి. జమ్మలమడుగు పక్క పల్లెలో, మంచం కోడును ఆనుకొని నేల మీద కూర్చున్న కేశవ, మైకు గుర్తు నీలంగా మారడం చూసి, ఫోను జేబులో వేసుకొని, జేజికి గంజి కలపడానికి లేచాడు.”

అమ్మాయికి తెలియనిది అబ్బాయికి తెలుసు, ఇద్దరి సంగతీ పాఠకుడికి తెలుసు. ప్రేమ అన్న మాట, బాధ అన్న మాట ఇందులో ఎక్కడా పడలేదు. గుర్తు రంగు మారిన తర్వాత అతడు ఫోను వైపు చూస్తూ నవ్వుకున్నాడని రాయాలని చెయ్యి దురద పుడుతుంది. రాయకూడదు. ఫోను పక్కన పెట్టాక చేతులు ఏ పనిలో పడ్డాయో చెప్పడం ఎప్పుడూ మేలు.

టైపు చేసే నోరు, మాట్లాడే నోరు

మన పిల్లలు తెలుగు మాటలనే ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేస్తారు. దాన్ని అచ్చులో అలాగే దించితే పుట ఎగుడుదిగుడుగా తయారై కన్ను తడబడుతుంది కనుక, నేను తెలుగు లిపిలోనే వేస్తాను. ఉటంకింపు గుర్తులు తీసేసి, ఒక్కో సందేశాన్ని ఒక్కో పంక్తిగా, చివర చుక్క లేకుండా రాస్తాను. సమయం కథకు అవసరమైతే తప్ప పక్కన గంటలూ నిమిషాలూ వేయను. ఒక చోట ఐదారు సందేశాలు దాటితే పాఠకుడు దాటవేస్తాడన్నది నా అనుభవం. అంతకు మించిన సంభాషణను రెండు వాక్యాల కథనంలో చెప్పేసి, చివరి సందేశాన్ని మాత్రం చూపిస్తే సరిపోతుంది. ఎమోజీని బొమ్మగా వేయడం కంటే మాటల్లో చెప్పడమే అచ్చుకు బాగుంటుంది.

లిపి కంటే ముఖ్యమైనది యాస. సీమ పిల్లవాడు నోటితో “యాడుండావు” అంటాడు, వేళ్లతో ‘ఎక్కడున్నావ్’ అని కొడతాడు. టైపు చేసే భాష సినిమాల నుంచీ, హైదరాబాదు స్నేహితుల నుంచీ వచ్చిన భాష. అందులో ఊరు ఉండదు. వాయిస్ మెసేజ్‌లో మాత్రం ఊరు దాగదు. విజయవాడలో ఉద్యోగానికి వెళ్లి యాస మార్చుకున్న కడప అమ్మాయి, టైపు చేసినంత కాలం ఎవరో మాదిరిగా ఉండి, జ్వరం వచ్చిన రాత్రి వాయిస్ మెసేజ్‌లో “శాతకావడం ల్యా” అంటే, ఆ మూడు సెకన్లలో ఆమె మొత్తం తెలిసిపోతుంది. దీనికి తిరగేసినది ఇంకా అందంగా ఉంటుంది: ఎప్పుడూ ‘ఎక్కడున్నావ్’ అని కొట్టే పిల్లవాడు ఒకనాడు ‘యాడుండావు’ అని టైపు చేసి పంపుతాడు. ఆ అమ్మాయి ముందు మర్యాద నటించనక్కర్లేదని అతనికి అనిపించిన క్షణం అది. పాత కథల్లో ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చే చోటు ఉండేది చూడండి, అదే ఇది.

మూడు ఊళ్ల యాసలను కలిపేయకూడదని ప్రత్యేకంగా చెప్పాలి. కర్నూలు పాత ఊరి పిల్లల మాటల్లో ఉర్దూ సులువుగా కలుస్తుంది, హిందూపురం, మడకశిర వైపు పిల్లల మాటల్లో కన్నడం కలుస్తుంది. సీమ యాస అంటే ప్రతి మాటకూ ‘అప్పా’ తగిలించడం కాదు. అది సినిమా వాళ్లు చేసిన పని.

ఊరు కూడా ఫాలో అవుతుంది

రచయితలు మరిచిపోయేది ఈ మూడో చూపునే. మన పట్టణాల్లో ఖాతా ఎంత ప్రైవేటుగా పెట్టుకున్నా, ఫాలోయర్లలో సగం మంది చుట్టాలే ఉంటారు. అభ్యర్థనను ఒప్పుకోకపోతే పెళ్లిలో కనపడినప్పుడు అడుగుతారు. మేనరికాలు ఇంకా చెల్లుబాటులో ఉన్న సీమలో, అమ్మాయి ఫొటోకు బావ వరస అబ్బాయి కొట్టిన లైకు మామూలు లైకు కాదు. అది ఒక హక్కు ప్రకటన కావచ్చు, ఏమీ కాకపోవచ్చు, కానీ అవతల ఫొటో చూస్తున్న ప్రేమికుడికి నిద్ర పట్టదు. మేనత్త ఆ లైకును చూసి, ఆదివారం సాయంత్రం ఓళిగలు పట్టుకొని ఇంటికి వస్తే, కథ ఫోనులోంచి వంటింట్లోకి వచ్చినట్టే. అలా రావాలి. తెర మీద మొదలైన ప్రతి సంగతీ ఏదో ఒక గుమ్మం దాటి ఇంట్లోకి వచ్చినప్పుడే దానికి బరువు.

ఇన్‌స్టాగ్రామ్‌లో 2018 చివరలో వచ్చిన క్లోజ్ ఫ్రెండ్స్ సదుపాయం కథకులకు బాగా పనికొస్తుంది. ఎంపిక చేసుకున్న కొద్దిమందికి మాత్రమే కనిపించే ఆ స్టోరీ చుట్టూ ఆకుపచ్చ వలయం ఉంటుంది. అమ్మాయి నోటితో ఏమీ చెప్పలేదు, కానీ ఈ రోజు నుంచి ఆమె స్టోరీ ఇతనికి ఆకుపచ్చగా కనపడుతోంది. వాకిలి దగ్గరగా వేసి ఉంది, గడియ పెట్టలేదు. ఇక దాన్నే తలకిందులు చేసి చూడండి: కొద్దిమందికి ఉద్దేశించిన స్టోరీని తొందరలో అందరికీ పెట్టేసి, మూడు నిమిషాల తర్వాత గుర్తొచ్చి తీసేస్తుంది, అప్పటికి చూసినవారి జాబితాలో తొమ్మిది పేర్లు ఉన్నాయి, వాటిలో ఒకటి చిన్నాయనది. ఆ తొమ్మిది పేర్లను ఆమె పైనుంచి కిందికి చదివే తీరు రాస్తే ఆ ఇంటి చరిత్ర మొత్తం వస్తుంది.

చూపుకు ఉన్న హద్దులు కూడా తెలుసుకోవాలి. స్టోరీ చూసినవారి పేర్లు తెలుస్తాయి, ఎన్నిసార్లు చూశారో తెలియదు. ఒకరి ప్రొఫైల్‌లోకి వెళ్లి ఫొటోలన్నీ చూసి వచ్చినా ఇన్‌స్టాగ్రామ్ అవతలి వారికి చెప్పదు; చెబుతామనే యాప్‌లు మోసం. అందువల్ల కథానాయిక అర్ధరాత్రి అబ్బాయి పాత ఫొటోల్లో మూడేళ్లు వెనక్కి వెళ్లినా భయం లేదు, వేలు పొరపాటున రెండుసార్లు తగిలి 2021 నాటి అహోబిలం ఫొటోకు లైకు పడేంత వరకు. వెంటనే తీసేసినా, అవతలి తెర మీద ఆ కబురు అప్పటికే వెలిగి ఉండవచ్చు. తెలియదు. ఆ తెలియకపోవడమే తెల్లవారే దాకా నడుస్తుంది.

ఇక ‘మీకు తెలిసినవారు కావచ్చు’ అని పేర్లు చూపించే యంత్రం ఒకటుంది. కాంటాక్టుల ఆధారంగా, ఉమ్మడి స్నేహితుల ఆధారంగా అది చేసే పని అచ్చం పెళ్లిళ్ల పేరయ్య పనే. తేడా ఏమిటంటే ఈ పేరయ్య అమ్మాయికి సంబంధం చూపించిన రోజే, ఆ అబ్బాయి పేరును అమ్మాయి వాళ్ల అన్నకు కూడా చూపిస్తాడు.

ఫొటో విషయంలో ముఖాల కంటే వెనుక ఉన్నది ముఖ్యం. జంట తమ ముఖాలు పడకుండా జాగ్రత్తపడి, రెండు టీ గ్లాసుల ఫొటో ఒకటి పెడతారు. కానీ వెనుక మసకగా కొండారెడ్డి బురుజు ఉంటుంది, గ్లాసు పక్కన ఒక చున్నీ అంచు ఉంటుంది. ఆ చున్నీని ధర్మవరంలో కొన్నది తల్లే. గండికోటలో దిగిన ఫొటోకు ఊరి పేరు ట్యాగు చేయకపోయినా, కింద పెన్నా గండిని చూసి గుర్తుపట్టని మనిషి కడప జిల్లాలో ఉండడు. ఆ రోజు కాలేజీ ఉందన్న సంగతి తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంటాడు. దొరికిపోవడాన్ని రాసేటప్పుడు పెద్ద గూఢచర్యం అవసరం లేదు, తల్లికి బట్టల జ్ఞాపకం ఉంటే చాలు.

వద్దన్న తర్వాత

ఈ భాగాన్ని నేను మెత్తగా చెప్పలేను. వద్దన్న అమ్మాయికి రోజుకు నలభై సందేశాలు పంపి, బ్లాక్ చేస్తే స్నేహితుడి ఖాతా నుంచి పంపి, ఆమె ఎప్పుడు ఆన్‌లైన్‌లో ఉందో రాసుకొని, చివరికి ఆమె మనసు గెలుచుకునే నాయకుడు మన కథల్లో ఇంకా తిరుగుతున్నాడు. ఆడమనిషి ఇష్టం లేదని స్పష్టంగా చెప్పాక కూడా వెంటపడటం, ఆమె ఇంటర్నెట్ వాడకాన్ని కనిపెట్టి ఉండటం 2013 నుంచి శిక్షా స్మృతిలో నేరం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షను, మొదటిసారి రుజువైతే మూడేళ్ల దాకా జైలు. అలాంటి పాత్రను రాయవద్దని నేను అనడం లేదు. రాస్తే, ఫోను మోగిన ప్రతిసారీ ఆ అమ్మాయి చెయ్యి ఎలా ఆగుతుందో కూడా రాయాలి. ఆ నలభై సందేశాలను అతని చేతిలో నుంచి కాకుండా ఆమె చేతిలో నుంచి చూపిస్తే, అది ప్రేమకథ అవునో కాదో రచయితకే తెలిసిపోతుంది.

పాత్రల వయసు పద్దెనిమిది లోపు అయితే ఇంకా జాగ్రత్త కావాలి. 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదేళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. పిల్లల అసభ్య చిత్రాలను పంపడం, దాచుకోవడం ఐటీ చట్టం 67బి కింద నేరం. వాళ్ల కథలో పెద్దవారి సరసం పెట్టకూడదు, అంతే. ఫొటో బయటపెడతానని బెదిరించే మలుపు కథలో వస్తే, అక్కడ అమ్మాయికి బావి, రైలు పట్టాలు కాకుండా వేరే దారి ఉందని కథలోనే కనపడాలి. సైబర్ నేరాల ఫిర్యాదుకు 1930 అనే నంబరు ఉంది. ఆ నంబరును ఆమె స్నేహితురాలు అరచేతి మీద పెన్నుతో రాసిచ్చిన చిన్న దృశ్యం ఉపన్యాసం కంటే బాగా పనిచేస్తుంది.

చిత్తు ప్రతిని ఎవరికి చూపించాలి

సాటి రచయితలకు చూపించడం వల్ల వాక్యం బాగుపడుతుంది గానీ ఫోను బాగుపడదు. ఇంట్లో డిగ్రీ చదువుతున్న పిల్ల ఎవరైనా ఉంటే, బాగుందా అని అడగకుండా, ఎక్కడ అబద్ధంగా ఉందో చెప్పమని అడగాలి. నేను మా అన్న కూతురికి ఇస్తాను. పై కథకు చివర్లో, గౌతమి ఒక రాత్రి కేశవకు పుటెడు సందేశం టైపు చేసి, చెరిపేసి, మళ్లీ టైపు చేసి, మళ్లీ చెరిపేసి, ఏమీ పంపకుండా పడుకున్నట్టు రాశాను. తను ఎంత తపించిందో అతనికి ఎన్నటికీ తెలియదని ఒక వాక్యం కూడా చేర్చి, దాన్ని చూసుకొని మురిసిపోయాను.

ఆ పిల్ల చదివి, కాగితాలు ఒళ్లో పెట్టుకొని, “చిన్నాయనా, ఆ పొద్దు ఆ పిల్లోడు ఆన్‌లైన్‌లో ఉన్న్యాడా, లేడా?” అని అడిగింది.

నిద్రపోతున్నాడేమో అన్నాను.

“ఏమోలే, నువ్వు రాయలేదు గదా. ఈమె పేరు తెరుచుకోని కూసోనుంటే, టైపింగ్ అని వస్తాంటాది, పోతాంటాది. అంతా కనపడతాది వానికి.”

మురిసిపోయిన వాక్యాన్ని కొట్టేశాను. కేశవను నిద్ర లేపి, మిద్దె మీద కూర్చోబెట్టి, ఆ మాట నాలుగుసార్లు వచ్చి నాలుగుసార్లు పోవడం చూడనిచ్చాను. ఐదోసారి రాలేదు. అతడు కూడా ఏమీ పంపలేదు, కానీ సోమవారం కోసం ఆగకుండా పొద్దున ఐదున్నర బస్సుకే కడపకు బయలుదేరాడు.